ముడుపులో కట్టిన నా బిళ్ళలు

కడుపు మీద కుట్లు మానిపోయాయి. కోపం మాత్రం మానలేదు. మానాలని నాకూ పెద్ద తొందర లేదు. ఇంకొకరికి పనికొస్తుంది, రాయమని కర్నూలు డాక్టరమ్మ చెప్పింది. సరేనన్నాను గానీ, నిజం చెప్పాలంటే మా బావ చదవాలనే రాస్తున్నాను. ఆయన పేరు రాయను. ఎమ్మిగనూరులో మా వీధివాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు అనవసరం.

బావ అంటే మా ఆయనకు సొంత అన్న. మా వీధిలో పన్నెండు ఇళ్ళలో మగ్గాలున్నాయి. అందరికీ నూలు ఇచ్చేదీ, నేసిన దుప్పట్లు తీసుకునేదీ ఆయనే. మా ఇల్లూ ఆయన ఇల్లూ ఒకే వాకిలి, మధ్యలో నూలు గది. ఇరవై ఏళ్ళుగా నేను గుంత మగ్గం మీద కూర్చుంటున్నాను. గుంతలో కాళ్ళు దించుకుని, నడుము వంచి, పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టే వేళ దాకా. నడుమనేది ఒకటుందని ముప్పై ఎనిమిదో ఏట తెలిసింది. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. అప్పుడు బావ నూలు చుట్టలతో పాటు ఒక బిళ్ళల అట్ట ఇచ్చాడు.

"ఇదేసుకో వరాలూ. నడుము ఇనుమైతాది సూడు," అన్నాడు.

అయింది. అబద్ధమెందుకు చెప్పాలి? ఆ రోజు నడుముతో పాటు మనసు కూడా తేలికైంది. అత్త సణుగుడు వినపడలేదు, ఆకలి తెలియలేదు, మూర ఎక్కువే నేశాను. నెల తిరిగేసరికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఏడాదికి రోజుకు ఆరు. దుప్పట్లు తొందరగా కావాల్సి వచ్చినప్పుడల్లా వీధిలో ఇల్లిల్లుకూ నూలుతో పాటు అట్ట వచ్చేది. బావ మాత్రం ఒక్కటీ వేసుకునేవాడు కాదు. తన కడుపుకు పడదట.

ఒకసారి ఆయన చుట్టాల పెళ్ళికని పోయి వారం రోజులు రాలేదు. రెండో రోజుకు నాకు ముక్కు కారడం మొదలైంది. ఒకటే ఆవులింతలు, కన్నీళ్ళు, ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడటం. కాళ్ళు మంచం మీద ఉంచలేక గోడకేసి తన్నాను. జలుబు జ్వరమనుకుని అత్త మిరియాల కషాయం కాచింది. మూడో రోజు మందుల అంగడికి నేనే పోయి ఒక బిళ్ళ వేసుకున్నాను. కాసేపటికి జ్వరం లేదు, జలుబు లేదు. అంగడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏమైందో అప్పుడు అర్థమైంది.

కర్నూలుకు పోవాలని తేల్చుకోవడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. అక్కడ సర్కారు ఆసుపత్రిలో ఈ అలవాట్లు మాన్పించే విభాగం వేరేగా ఉంది. బెంచీల నిండా మగవాళ్ళే, సగం మంది తలమీద తువ్వాలు. నేనొక్కదాన్నే ఆడదాన్ని, కొంగు ముక్కు దాకా లాక్కుని కూర్చునేదాన్ని. చీటీలు రాసే ఆయన "పేషెంటు ఎవరమ్మా? మీ ఆయనా, కొడుకా?" అని అడిగాడు. "నేనే," అన్నాను. రెండోసారీ అడిగాడు, రెండోసారీ నేనే. మూడోసారికి ఆయన అడగలేదు. ఫ్యాను కింద బెంచీ చివర చోటు ఖాళీ చేయించి, "ఈడ కూసోమ్మా," అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

డాక్టరమ్మ ఇచ్చిన బిళ్ళ నాలుక కింద పెట్టుకోవాలి. చేదు. కరిగేదాకా మాట్లాడకూడదు. "ఆ పది నిమిషాలేనమ్మా మా ఇంట్లో సుఖం," అని అత్త నవ్వేది. నా నోరు అంత మంచిది మరి. ఆ బిళ్ళతో మత్తు రాదు. పాత బిళ్ళ కావాలని ఒళ్ళు పీకకుండా ఉంటుంది, అంతే. మామూలు మనిషిలా నిద్ర లేచి, మామూలు మనిషిలా నేసుకుని, మామూలుగా పోట్లాడుకునేదాన్ని. పధ్నాలుగు నెలలు అట్ట ముట్టలేదు.

బావకు అది నచ్చలేదు. "ఒక మత్తు ఇడిసి ఇంగో మత్తు పట్టుకుండాది. కర్నూలు దాకా పోయి తెచ్చుకునేది మత్తు గాకుంటే ఏంది?" అని వీధంతా చెప్పాడు. తను పంచేది మాత్రం నొప్పికి మందు.

పోయిన జ్యేష్ఠంలో గర్భసంచిలో గడ్డలున్నాయని, తీసెయ్యాలని అన్నారు. ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మాట్లాడుకున్నాం. నాకు కోత భయం కన్నా నొప్పి భయం ఎక్కువ. నొప్పి మందుతోనే కదా మునిగాను! డాక్టరమ్మ దగ్గర కూర్చుని అదే అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. "ఆపరేషన్ రోజు కూడా ఈ బిళ్ళ మానొద్దు. ఒకేసారి కాకుండా మూడు పూటలకు పంచి వేసుకో. ఇది వేసుకుంటున్నావని నొప్పికి వేరే మందు ఇవ్వకుండా ఉండకూడదు. మామూలు వాళ్ళకన్నా కొంచెం ఎక్కువే కావాల్సి రావచ్చు. ఇవన్నీ ఆ డాక్టర్లకు ఉత్తరం రాసిస్తాను." రాసిచ్చింది. పదిహేను రోజుల బిళ్ళలు కూడా ఇచ్చింది.

ఆ ఉత్తరం నేను బావ చేతికిచ్చాను. ఇక్కడ నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. మా ఇంట్లో ఆఫీసన్నా ఆసుపత్రన్నా మాట్లాడేది ఆయనే. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి, అన్న మాట దాటడు. అలవాటు చొప్పున కాగితం పెద్దాయన చేతిలో పెట్టాను.

బయలుదేరే రోజు పొద్దున మా తోడికోడలు, అంటే బావ భార్య, ఉరుకుంద ఈరన్నస్వామికి ముడుపు కట్టింది. మా వైపు ఏ గండం వచ్చినా ముందు చేసే పని అదే. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ, పసుపు కొమ్ము వేసి మూడు ముడులు వేస్తారు. శ్రావణంలో పరుషకు, అంటే తిరునాళ్ళకు పోయి స్వామికి అప్పజెప్పేదాకా ఆ ముడి విప్పకూడదు. విప్పితే కళ్ళు పోతాయంటారు. బావ దాన్ని దేవుడి గూట్లో మేకుకు తగిలించాడు. మూట కొంచెం లావుగా ఉందనుకున్నాను. కుంకుమ బొట్టు నేనే పెట్టాను. నా చేత్తో, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని మరీ పెట్టాను.

ఆదోనికి వచ్చి మంచం మీద సంచి విప్పితే బిళ్ళలు లేవు. చీరలు దులిపాను, మా ఆయన సంచి బోర్లించాను. తోడికోడలికి ఫోన్ చేస్తే అసలు సంగతి బయటపడింది.

"అవి ముడుపులో ఉండాయి వరాలూ. మీ బావే ఏసినాడు. ఇంగ ఆ బిళ్ళ ముట్టదు స్వామీ, అని నీ పేరున మొక్కినాము. ఆపరేషనుతో పాటు అది గూడ పోతాదని."

"డాక్టరమ్మ కాగితం?"

"అదీ దాంట్లోనే."

నాకు ఒళ్ళు మండిపోయింది. బావ అక్కడే కిటికీ దగ్గర నిలబడి సోడా తాగుతున్నాడు. "ఆ బిళ్ళ లేకుంటే నాకు నొప్పి ఆగదు బావా, తెప్పించు," అన్నాను. "ముడుపు ఎట్ల ఇప్పేది? నువ్వే బొట్టు పెట్టినావు గదా!" అన్నాడు. మీకొకటి దాచకుండా చెప్పాలి. ముడుపు విప్పి బిళ్ళలు తెమ్మని మా ఆయనతో అనడానికి నాకూ నోరు రాలేదు. చిన్నప్పటి నుంచి విన్న మాట అది. రేపు కత్తి కింద పడుకోబోయేదాన్ని, ఈరన్నస్వామితో పేచీ ఎక్కడ పెట్టుకోను?

సాయంత్రం మత్తు డాక్టరు వచ్చి ఏమేం మందులు వాడుతున్నావని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "బిళ్ళల అలవాటుండె సార్. మాన్పించినాము. ఊరికే నొప్పి నొప్పి అని అడుగుతాది, ఇయ్యద్దండి." ఆ డాక్టరుకు ఇంకో రెండు కేసులున్నాయి. తలూపి ఏదో రాసుకుని పోయాడు. వెనక నుంచి "సార్, సార్" అని నేను పిలిచింది గోడకు చెప్పుకున్నట్టే అయింది.

మర్నాడు బుధవారం ఆపరేషన్ అయింది. నడుములో ఇచ్చిన మత్తు మధ్యాహ్నానికి దిగింది. ఇక ఆ నొప్పి గురించి ఎక్కువ రాయను. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, నొప్పంటే తెలియనిదాన్ని కాను. ఇది వేరు. కడుపును ఎవరో పిడికిట్లో పట్టుకుని వదలడం లేదు. నర్సును పిలిస్తే మామూలు జ్వరం మందు సీసా ఎక్కించింది. ఇంకేమన్నా ఇయ్యమ్మా అంటే, "అలవాటున్నోళ్ళకి ఇయ్యద్దని రాసుండాది. ఓర్చుకోవాల," అంది. పక్క మంచం పత్తికొండ ఆమెకు కూడా అదే కోత. ఆమెకు సూది వేశారు, హాయిగా నిద్రపోయింది. నేను ఆమె నిద్రను చూస్తూ పడుకున్నాను. మర్నాడు ఆమె నా చేయి పట్టుకుని, "నాకేసిందాంట్లో సగమన్నా ఈమెకెయ్యండమ్మా," అని నర్సుతో పోట్లాడింది. ఊరు పేరు తెలియని మనిషి. ఆమెకు నేను చేసిందేమీ లేదు.

రెండో రోజుకు ఆవులింతలు మొదలయ్యాయి. ముక్కు కారింది. నాకు అర్థమైపోయింది. ఆవులిస్తే కుట్లు గుంజేవి, తుమ్మితే ప్రాణం పోయేది. కాళ్ళు ఊరుకోవు, కదిపితే కడుపు ఊరుకోదు. వార్డు ఊడ్చే ఖాజాబీ అని ఒక పెద్దావిడ ఉండేది. ఊడ్చడం ఆపి నా కాళ్ళ దగ్గర కూర్చుని, రెండు పాదాలూ ఒడిలో పెట్టుకుని గట్టిగా పట్టుకునేది. "అరె అల్లా, చేపపిల్ల లెక్క కొట్టుకుంటాండావు గదనే బేటీ," అనేది. ఆమె పట్టుకున్నంతసేపు కాళ్ళు కొంచెం ఆగేవి.

మా ఆయన వార్డు బయట వసారాలో గోడకానుకుని కూర్చున్నాడు. లోపలికి వస్తాడు, నా మొహం చూస్తాడు, మళ్ళీ పోతాడు. "అన్న ఏమంటాడో" అన్నాడొకసారి. ఆ మాటకు నేను ఇంకా బదులివ్వలేదు.

మూడో రోజు పొద్దున నేను గట్టిగానే అరుస్తున్నాను. బావ వచ్చాడు. వార్డులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు, ఆయనకు తలకొట్టేసినట్టయింది. అటూ ఇటూ చూసి జేబులో నుంచి ఒక అట్ట తీసి నా పిడికిట్లో కుక్కాడు.

"ఇదేసుకోని ఊరికుండు. పరువు తీస్తాండావు."

చూశాను. పాత బిళ్ళలే. పధ్నాలుగు నెలలు నేను ముట్టనివి. మందును తీసుకుపోయి దేవుడి దగ్గర కట్టేసిన మనిషి, విషాన్ని జేబులో పెట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కి నా కోసం తెచ్చాడు. ఆయన దృష్టిలో ఇది నొప్పికి మందు, అది మత్తు.

ఒక బిళ్ళ అట్టలో నుంచి ఊడదీశాను. అరచేతిలో పెట్టుకున్నాను. నోట్లో నీళ్ళూరాయి, సిగ్గులేకుండా చెబుతున్నాను. మింగితే కాసేపట్లో అన్నీ ఆగిపోతాయని నా ఒంట్లో ప్రతి నరానికీ తెలుసు. పెదాల దాకా తీసుకుపోయాను. నన్ను ఆపింది భక్తి కాదు, బుద్ధి కాదు, డాక్టరమ్మ మంచి మాటలు కూడా కాదు. బావ మొహం. నేను మింగితే ఆయన చుట్టూ చూసి, "సూసినారా, నేను సెప్పలేదా?" అంటాడు. వీధంతా అంటాడు. నేను చచ్చేదాకా అంటాడు. ఆ మాట ఆయన నోట రానివ్వను అనుకున్నాను. బిళ్ళను మళ్ళీ అట్టలో పెట్టి, అట్టను దిండు కింద తోసి, ఖాజాబీని పిలిచి కాళ్ళు పట్టుకోమన్నాను. పగ పాడు చేస్తుందంటారు. నాకైతే ఆ పూట పగే అన్నం పెట్టింది.

పది గంటలకు పెద్ద డాక్టరు వచ్చాడు, ఆపరేషన్ చేసినాయన. వెనకే నర్సు, ఆ వెనక బావ చేతులు కట్టుకుని. నేను దిండు కింద నుంచి అట్ట తీసి డాక్టరు చేతిలో పెట్టాను.

"నాకు అలవాటు చేసింది ఈ బిళ్ళలు సార్. మూడేళ్ళు ఇచ్చింది ఈయనే. ఇంతకుముందే మళ్ళీ ఇచ్చినాడు. మానడానికి కర్నూలులో బిళ్ళలిచ్చి, మీకు ఉత్తరం రాసినారు. ఆ రెండూ ముడుపులో కట్టి మేకుకు తగిలించింది గూడ ఈయనే."

డాక్టరు అట్ట చూశాడు, బావను చూశాడు. బావ తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగాడు. "ముడుపులోనా?" అని డాక్టరు రెండుసార్లు అడిగాడు. కర్నూలుకు అక్కడి నుంచే ఫోన్ చేశాడు. డాక్టరమ్మ ఏమన్నదో గానీ ఆయన చాలాసేపు "అవును మేడమ్, అవును" అంటూనే ఉన్నాడు. ఫోన్ పెట్టి నర్సుతో సూది వేయించాడు. తర్వాత నా వైపు తిరిగి, "నేనే నిన్ను అడిగుండాల్సిందమ్మా," అన్నాడు. ఆయన మీద నాకు కోపం సగం తగ్గింది. సగం ఉంచుకున్నాను.

ఇక బిళ్ళలు. డాక్టరు కాగితం రాసి కర్నూలుకు ఎవరైనా పోవాలన్నాడు. మా ఆయన అన్న వైపు చూడబోయాడు. అప్పుడే మా అత్త ఎమ్మిగనూరు నుంచి బస్సు దిగి, మజ్జిగ చెంబుతో వార్డులోకి వచ్చింది. సంగతంతా తలుపు దగ్గరే ఖాజాబీ చెప్పేసింది. అత్త చెంబు కింద పెట్టి పెద్ద కొడుకును పైనుంచి కిందికి చూసింది.

"ఏమిరా, ఈరన్నస్వామికి నొప్పులొచ్చినాయని సెప్పినాడా నీకి? ఆయనకేమిటికిరా బిళ్ళలు? డాక్టరు కాగితం ఆయన సదివి ఏం సేస్తాడు?" వార్డులో కోత పడ్డవాళ్ళు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాత చిన్న కొడుకు వైపు తిరిగింది. "నీ పెండ్లాం రా అది. మీ అన్న పెండ్లాం గాదు. పో, కర్నూలుకి."

మా ఆయన పోయాడు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో అన్నను అడగకుండా ఎక్కిన మొదటి బస్సు అది. దీపాలు పెట్టే వేళకు వచ్చాడు, చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది, బిళ్ళలు లోపలి జేబులో. నాలుక కింద పెట్టుకున్నాను. ఆ చేదు అంత తియ్యగా ఎప్పుడూ లేదు. పది నిమిషాలు మాట్లాడకూడదు కాబట్టి ఆయన్ని తిట్టలేకపోయాను. ఆయన కూడా నా కాళ్ళ దగ్గర కూర్చుని, ఖాజాబీ పట్టుకున్నట్టే పట్టుకున్నాడు.

వారానికి ఇంటికొచ్చాను. బావ పలకరించలేదు, నేనూ పలకలేదు. పడుకుని ఒకటే ఆలోచన. పోలీసులకు చెప్పాలా? వీధిలో నిలబెట్టి తిట్టాలా? తిట్లు రెండు రోజుల్లో ఆరిపోతాయి. ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి.

శ్రావణం వచ్చింది. సోమవారం పొద్దున వీధంతా ఉరుకుంద పోవడానికి మా వాకిట్లో చేరారు. పాత ముడుపు చేతికి తీసుకున్నాక, అందరూ చూస్తుండగా నేను నూలు గదిలోకి పోయాను. చుట్టల వెనక అట్టపెట్టెలో బిళ్ళలున్నాయని నాకు తెలియదా? పెట్టె తెచ్చి వాకిట్లో పసుపు గుడ్డ మీద బోర్లించాను. రూపాయి వేశాను, కొమ్ము వేశాను. మూడు ముడులు వేసి బొట్టు పెట్టి, పన్నెండు ఇళ్ళవాళ్ళకూ వినపడేలా మొక్కుకున్నాను.

"స్వామీ, ఈ బిళ్ళలు అలవాటు సేస్తాయని, ఇచ్చినాయన ఇల్లిల్లూ తిరిగి తన నోటితో సెప్పినంక ఈ ముడుపు నీకి తెచ్చిస్తా. అంతవరకూ ఇది ఇప్పినోళ్ళ సంగతి నువ్వే సూసుకో."

దాన్ని తీసుకుపోయి నూలు గదిలో, బావ కూర్చునే చోటికి సరిగ్గా పైన, దూలానికి కట్టాను. ఆయన మొహం మాడిపోయింది. "ఇదేం మొక్కు వరాలూ?" అన్నాడు. "నీ దగ్గర నేర్చుకున్నదే బావా," అన్నాను. అత్త కొంగుతో నోరు మూసుకుంది.

భాద్రపదమంతా ఆయన ఆ మూట కింద కూర్చుని నూలు తూచాడు. అడిగే పని లేదు, నూలుకు వచ్చిన ప్రతివాళ్ళూ ఒకసారి పైకి చూసేవాళ్ళు. ఆశ్వయుజంలో మొదటి ఇంటికి పోయాడు. ఎదురింటి సుజాతమ్మ ఇల్లు. ఆమె విని, తలుపు వేసుకుని, మర్నాడు నా దగ్గరికి వచ్చింది. రోజుకు నాలుగు వేసుకుంటోందట. ఇప్పుడు ఇద్దరం కలిసి కర్నూలు పోతున్నాం. ఫ్యాను కింద బెంచీ మీద ఇద్దరికీ చోటుంది.

మీలో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ పడితే ఒక మాట వినండి. ఉత్తరం రెండు కాపీలు రాయించుకోండి. ఒకటి జాకెట్లో పెట్టుకోండి. డాక్టరు అడిగితే మీ నోటితో మీరే చెప్పండి. బిళ్ళలు మీ తల కిందే ఉండాలి. పెద్దమనుషుల చేతికి మాత్రం ఇవ్వకండి.

కార్తీకానికి బావ పదకొండు ఇళ్ళు తిరిగాడు. మాది పన్నెండోది. మొన్న సోమవారం పొద్దున వచ్చాడు. నేను మగ్గం గుంతలో ఉన్నాను. స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. మనిషి కొంచెం వంగాడు.

"వరాలూ... అవి అలవాటు సేస్తాయని మందుల అంగడాయన మొదట్లోనే సెప్పినాడు. తెలిసే ఇచ్చినా. దుప్పట్లు తొందరగా కావాలని ఇచ్చినా. తప్పు నాదే."

నేను తొక్కుడు ఆపలేదు. నాడె అటు పోయి ఇటు వచ్చింది. ఆయన కళ్ళు నూలు గది దూలం వైపు పోయి మళ్ళీ నా మీదికి వచ్చాయి.

"మగ్గం సద్దులో ఏమీ వినపడలేదు బావా," అన్నాను. "రేపు రా."

తల వంచుకుని వెళ్ళిపోయాడు. ప్రతి మాటా వినపడింది నాకు.